ఆ చెట్టు మళ్లీ దొరకాలంటే?

అడవిలో ఒక చెట్టును ఎంచుకుని, దాని మొదట్లో మాటు వేసి పిట్టల కోసం గంటలు గంటలు కూర్చునేవాళ్లు విశాఖలో తక్కువేం కాదు. ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఈ మాటు చెట్ల గురించే. చెట్టుకు గుర్తు ఎలా పెట్టుకోవాలి, అది పరాయి కంట పడకుండా ఎలా చూసుకోవాలి, మళ్లీ నేరుగా అక్కడికే ఎలా చేరాలి అని అడిగారు. ఒక తండ్రి మాత్రం అమెరికాలో ఉన్న కొడుకు తరఫున రాశారు. ఆయనకూ జవాబు ఉంది.

ప్రశ్న: అనంతగిరి వైపు ఒక పెద్ద జువ్వి చెట్టు చూశాను. పళ్ల కాలంలో పచ్చపావురాలు గుంపులుగా వాలుతున్నాయి. దానికి ఎదురుగా కూర్చోవడానికి వీలైన మద్ది చెట్టు ఒకటుంది. గుర్తు కోసం కొమ్మకు ఎర్ర రిబ్బను కట్టి వచ్చాను. వారం తిరిగేసరికి రిబ్బను లేదు, చెట్టు కింద బిర్యానీ పొట్లాల అట్టలు మాత్రం ఉన్నాయి. ఎవరికీ తెలియకుండా గుర్తు పెట్టుకునే దారి చెప్పండి. (మధురవాడ)

జవాబు: రిబ్బను కట్టడమంటే దారిన పోయేవాళ్లని కేకేసి పిలవడమే. గుర్తు ఉండాల్సింది మీ పుస్తకంలో, చెట్టు మీద కాదు. అయితే ముందు ఒక మాట. మీరు దాచుకోవాల్సింది జనం నుంచి, అటవీ శాఖ నుంచి కాదు. అది రిజర్వు ఫారెస్టో, అభయారణ్యమో, ఊరి పోరంబోకో బీట్ అధికారిని అడిగి తెలుసుకోండి. మొదటి రెండింట్లో అనుమతి లేనిదే అడుగు పెట్టకండి.

ఇక పని సంగతి. మీ మద్ది చెట్టు దగ్గర మొదలుపెట్టకండి. పదేళ్లయినా కదలని వస్తువును రోడ్డు పక్కన ఒకటి చూసుకోండి. కల్వర్టు, కిలోమీటరు రాయి, పెద్ద బండ ఏదైనా సరే. కరెంటు స్తంభాన్ని నమ్ముకోవద్దు, తుఫాను తర్వాత దాన్ని వేరే చోట పాతుతారు. అక్కడి నుంచి చెట్టుకు దిక్కును డిగ్రీల్లో, దూరాన్ని అడుగుల లెక్కలో రాసుకోండి.

దిక్కుకు పలక ఉన్న మామూలు దిక్సూచి చాలు. ఫోనులోది వాడితే అయస్కాంతం ఉన్న ఫ్లిప్ కవరు తీసేసి, ఫోనును గాలిలో ఎనిమిది అంకెలా రెండు మూడు సార్లు తిప్పి అప్పుడు చూడండి. బైకు పక్కన నిలబడి చూస్తే ముల్లు ఇనుము వైపు లాగుతుంది, పది అడుగులు పక్కకు జరగండి. విశాఖ ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ లోపే, కాబట్టి ఆ సవరణ గొడవ మనకు లేదు. మీ చెయ్యి వణకడం వల్ల వచ్చే తేడా దానికంటే ఎక్కువ. దిక్కు 5 డిగ్రీలు తప్పితే 100 మీటర్ల దూరంలో దాదాపు 9 మీటర్లు పక్కకు పోతారు, 300 మీటర్లకు 26 మీటర్లు. అందుకే మొదటి గుర్తు నుంచి చెట్టుకు 150 మీటర్లు మించకుండా చూసుకోండి. అంతకన్నా దూరమైతే మధ్యలో ఇంకో బండను ఎంచుకుని రెండు ముక్కలు చేయండి.

దూరానికి ముందు మీ అడుగు కొలత తెలియాలి. 30 మీటర్ల టేపుతో చదునైన నేల మీద 90 మీటర్లు కొలిచి, కుడికాలు పడినప్పుడు మాత్రమే లెక్కపెడుతూ మూడు సార్లు నడవండి. సగటు తీసి 100 మీటర్లకు లెక్క కట్టండి. పెద్దవాళ్లకు ఎక్కువగా 60 నుంచి 70 మధ్య వస్తుంది. ఇది చదును లెక్క. కొండెక్కేటప్పుడు అడుగు పొట్టిదవుతుంది, పైగా 30 డిగ్రీల వాలులో 100 మీటర్లు ఎక్కితే మ్యాపు మీద 87 మీటర్లే జరుగుతారు. కాబట్టి మీటర్లు రాసి ఊరుకోకుండా, ఆ దారిలో మీకు పడిన అడుగుల సంఖ్యే రాసుకోండి. రెండోసారి నడిచేదీ మీ కాళ్లే కదా.

చెట్టు దగ్గరికి చేరాక వెనక్కి తిరిగి దిక్కు మళ్లీ చూడండి. పోయేటప్పుడు 62 ఉంటే వెనక్కి 242 రావాలి. అయిదు డిగ్రీలకు మించి తేడా వస్తే ఎక్కడో తప్పింది, మళ్లీ మొదలుపెట్టాల్సిందే. తర్వాత చెట్టు ఆనవాళ్లు. ఛాతీ ఎత్తున, అంటే అటవీ శాఖవాళ్లు కొలిచే 1.37 మీటర్ల ఎత్తున చుట్టుకొలత తీయండి. నాలుగు ఫొటోలు చాలు: మీరు వచ్చే దారి నుంచి ఒకటి, చెట్టుకు వీపు ఆనించి ఎదురు దృశ్యం ఒకటి, మొదలు ఒకటి, పైన కొమ్మల చీలిక ఒకటి. పుస్తకంలో రాత ఇలా ఉంటే ఇంకెవరైనా చదివినా చెట్టు దగ్గరకు పోగలరు:

“కల్వర్టు దక్షిణపు కొస నుంచి 62 డిగ్రీలు, కుడికాలు 91. గెడ్డ (వాగు) దాటాక కుడి గట్టు. నల్లమద్ది, చుట్టుకొలత 168 సెం.మీ. ఉత్తరం వైపు మోకాలెత్తున తొర్ర. జంట రాళ్లకు ఏడడుగులు. ఎర్ర చీమల గూడు పైకొమ్మకు.”

చివరి వాక్యం అనవసరం అనిపిస్తుంది. చీకట్లో ఆ చెట్టుకు వీపు ఆనించినవాడిని అడగండి, దాని విలువ చెబుతాడు.

మేకు, రంగు, గొడ్డలి గాటు ఏదీ వద్దు. రిజర్వు ఫారెస్టులో చెట్టుకు గాయం చేయడం నేరం. అదీకాక లెక్కకో, నరికివేతకో అటవీ సిబ్బందే రంగు నంబర్లు, సుత్తి ముద్రలు వేస్తుంటారు, వాటి పక్కన మీ రంగు పడితే అనవసరపు విచారణ. రాళ్లు పేర్చి గుర్తు పెట్టడమూ తప్పే. అడవి సరిహద్దుకు పేర్చిన రాళ్ల కుప్పలు, అదే కైరన్లు, అచ్చం అలాగే ఉంటాయి. పైగా రాయి ఎత్తితే కింద తేలుంటుంది.

ప్రశ్న: రేడియం తల ఉన్న చిన్న మేకులు ఆన్‌లైన్లో దొరుకుతున్నాయి. తెల్లవారుజామున దారి తెలియడానికి చెట్లకు గుచ్చవచ్చా? (పెందుర్తి)

జవాబు: గుచ్చకండి. రావి, మర్రి, జువ్వి జాతుల బెరడుకు చిన్న గాటు పడినా పాలు కారి చీమలు పడతాయి. ఆ గాయంలోంచి తెగులు లోపలికి పోతుంది. మనం రేడియం అని పిలిచేది నిజానికి వచ్చిన వెలుగును వచ్చిన దారినే వెనక్కి పంపే రేకు, అంతే. దాన్ని వేరేలా వాడుకోవచ్చు. 2 సెంటీమీటర్ల ముక్కను మట్టిరంగు పురికొసకు అంటించి, కొమ్మకు ముడి వేయకుండా ఉచ్చులా తగిలించండి. రేకు ముఖం మీరు వచ్చే వైపుకే ఉండాలి, వెనక వైపు నల్ల ఇన్సులేషన్ టేపు వేయండి. ఎత్తు మోకాలి దగ్గర. జనం చూపు కంటి ఎత్తున తిరుగుతుంది, పగలు అంత కింద ఉన్నదాన్ని పట్టించుకోరు.

టార్చి చేత్తో నడుము దగ్గర పట్టుకుంటే రేకు మసగ్గా మెరుస్తుంది. తల లైటు అయితే కంటికీ వెలుగుకీ దూరం తక్కువ కాబట్టి చుక్కలా వెలుగుతుంది. అయితే సాలీడు కళ్లు కూడా అలాగే మెరుస్తాయి. నేల మీద పచ్చగానో నీలంగానో మెరిసే చుక్కల వెంట పడి దారి తప్పినవాళ్లున్నారు. అందుకే ఒక్క ముక్క కాకుండా రెండేసి, ఒకదాని కింద ఒకటి, జానెడు ఎడంగా తగిలించండి. సాలీళ్లు అలా వరస కట్టవు. మొత్తం అయిదారు జతలు మించనవసరం లేదు. మలుపు ఉన్నచోట ఒకటి, గెడ్డ దాటేచోట ఒకటి, చెట్టుకు పది మీటర్ల ముందు చివరిది. తిరుగు దారిలో లెక్కపెట్టి విప్పుకోండి. ఆరు కట్టి అయిదు విప్పితే ఇంటికి రాకండి.

కంబాలకొండ లాంటి అభయారణ్యంలో గేటు తెరవకముందు ప్రవేశమే లేదు. ఈ జవాబు ఊరి తోటల అంచుల్లో కూర్చునేవాళ్లకూ, వేళ కాని వేళకు అనుమతి కాగితం ఉన్నవాళ్లకూ మాత్రమే.

ప్రశ్న: సిగ్నల్ లేని చోట ఫోను జీపీఎస్ పనిచేస్తుందా? (ఆనందపురం)

జవాబు: పనిచేస్తుంది. ఉపగ్రహాల సంకేతం అందుకోవడానికి సిమ్‌తో పని లేదు. టవరు సాయం లేనప్పుడు మొదటి లెక్క దొరకడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు, అంతే. మ్యాపు మాత్రం ఇంట్లోనే దించుకోండి. అడవిలో ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెడితే లేని టవరు కోసం వెతుకుతూ బ్యాటరీ తినదు.

ప్రశ్న: కంబాలకొండ అంచున రెండేళ్ల కిందట చూసిపెట్టుకున్న చెట్టు ఇప్పుడు దొరకడం లేదు. జీపీఎస్ అంకెలు కూడా రాసుకున్నాను. మిత్రుడికి పంపితే అతని ఫోను సముద్రం చూపిస్తోంది! (సీతమ్మధార)

జవాబు: సముద్రం చూపించిందంటే జబ్బు తెలిసిపోయింది. మీరు రాసింది డిగ్రీలు, నిమిషాలు. అతను కొట్టింది దశాంశ డిగ్రీలు. ఉదాహరణకు 17 డిగ్రీల 46.08 నిమిషాలు, 83 డిగ్రీల 20.40 నిమిషాలు అంటే 17.7680, 83.3400. నిమిషాలను 60తో భాగించి డిగ్రీలకు కలపాలి. అలా కాకుండా 17.4608, 83.2040 అని కొడితే దాదాపు 37 కిలోమీటర్లు నైరుతికి జరిగి బంగాళాఖాతంలో తేలుతారు. ఇకమీదట దశాంశాల్లోనే రాసుకోండి, చుక్క తర్వాత అయిదు అంకెలు. అయిదో అంకె విలువ సుమారు ఒక మీటరు, నాలుగో అంకెది 11 మీటర్లు. ఆరో అంకె రాసుకోవడం కాగితం దండగ, ఫోనుకు అంత నేర్పు లేదు.

ఇక అంకెలు సరిగ్గా ఉన్నా చెట్టు దొరకకపోవడం గురించి. ఆరుబయట నాలుగైదు మీటర్ల తేడాతో చూపే ఫోను, దట్టమైన కొమ్మల కింద పది మీటర్లు దాటి తప్పుతుంది. పక్కన బండ గోడ ఉంటే సంకేతం దానికి తగిలి తిరిగొచ్చి ఇంకా తికమక పెడుతుంది. పది మీటర్ల తప్పు అంటే 314 చదరపు మీటర్ల నేల, అందులో ఎన్ని చెట్లు ఉంటాయో మీరే ఊహించుకోండి. జీపీఎస్ వీధి దాకా తీసుకెళ్తుంది, ఇంటి నంబరు మీ దగ్గరే ఉండాలి. గుర్తు పెట్టుకునే రోజునే ఫోనును సంచి మీద ఆకాశం వైపు పెట్టి మూడు నిమిషాలు ఆగండి, అర నిమిషానికోసారి అంకె రాసి సగటు తీయండి. చేత్తో ఛాతీకి ఆనించి పట్టుకుంటే మీ ఒళ్లే సగం ఆకాశాన్ని కప్పేస్తుంది. మరో రోజు వెళ్లి ఇదే పని చేసి రెండు సగటులకూ కలిపి మళ్లీ సగటు తీయండి. రోజు మారితే ఉపగ్రహాల అమరిక మారుతుంది, తప్పులు కొంత ఒకదానికొకటి కొట్టుకుపోతాయి.

చెట్టే మారి ఉండవచ్చని కూడా గుర్తుంచుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక కంబాలకొండలో పాత గుర్తులు ఎన్నో చెల్లకుండా పోయాయి. తుఫాను లేకున్నా కాలం మార్చేస్తుంది. మీరు జనవరిలో ఆకు రాలిన కొమ్మల వంపును గుర్తుగా పెట్టుకుని ఆగస్టులో వెళ్తే ఆ వంపు తుప్పల వెనక, తీగల వెనక ఉంటుంది. కాబట్టి ఆనవాలు మొదట్లో చూసుకోవాలి. నల్లమద్ది బెరడు మొసలి వీపులా పలకలుగా చీలి ఉంటుంది, ఏ కాలంలోనూ మారదు. తపసి చెట్టు తెల్లటి కాండం చీకట్లోనూ కనబడుతుంది, అలాంటిది దగ్గర్లో ఉంటే దాన్నే మధ్య గుర్తు చేసుకోండి.

ఇప్పుడు వెతకడానికి: అంకెలు చూపిన చోట సంచి పెట్టండి. అక్కడి నుంచి ఉత్తరానికి 10 అడుగులు నడవండి, తూర్పుకు 10, దక్షిణానికి 20, పడమరకు 20, మళ్లీ ఉత్తరానికి 30, తూర్పుకు 30. ఇలా చదరంగా పెంచుకుంటూ పోండి. గాలించినట్టు అటూ ఇటూ తిరిగితే చూసిన చెట్టునే పదిసార్లు చూస్తారు. ప్రతి మూల దగ్గరా ఆగి పాత ఫొటోతో పోల్చండి, ముఖ్యంగా చెట్టుకు వీపు ఆనించి తీసిన ఎదురు దృశ్యంతో. చెట్టు పడిపోయినా ఎదుటి కొండ గీత మారదు కదా. శీతాకాలం చివర తుప్పల్లో దూరేటప్పుడు దూలగొండి కాయలు చూసుకోండి, ఆ నూగు మెడ మీద పడితే ఆ పూట వెతుకులాట అయిపోయినట్టే.

ప్రశ్న: మా అబ్బాయి మిషిగన్‌లో ఉంటాడు. తోటి ఉద్యోగులతో కలిసి లైసెన్సు తీసుకుని ప్రభుత్వ భూమిలో జింకల వేటకు వెళ్తున్నాడట. చెట్టుకు కుర్చీ బిగించుకుని కూర్చుంటారట. అక్కడ చెట్టు గుర్తు పెట్టుకోవడానికి ఏ పద్ధతి? ప్రమాదమేమీ లేదా? (ఎంవీపీ కాలనీ)

జవాబు: దాన్ని వాళ్లు ట్రీ స్టాండ్ అంటారు. మన మంచెకు చుట్టమే, కాకపోతే ఇనుప కుర్చీని నవారు పట్టీతో చెట్టుకు బిగిస్తారు. సాధారణంగా 15 నుంచి 20 అడుగుల ఎత్తు. మిషిగన్ ప్రభుత్వ భూముల్లో చెట్టు బెరడు లోపలి పొరలోకి దిగే మేకులు, మర మెట్లు వాడకూడదు. స్టాండు మీద యజమాని వివరం ఉండాలి. స్టాండు బిగించి వచ్చినంత మాత్రాన ఆ చెట్టు మీద హక్కు రాదు, తెల్లారేసరికి అందులో ఇంకొకరు కూర్చుని ఉండవచ్చు. అందుకే అక్కడి అనుభవజ్ఞులు చెట్టును మాత్రం చూసిపెట్టుకుని, స్టాండును వీపున మోసుకెళ్లి ఆ పూటకు బిగించి, దిగేటప్పుడు విప్పుకుని వస్తారు. నిబంధనల పుస్తకం ఏటా కొత్తది వస్తుంది, ఆ ఏటిదే చదవమనండి.

గుర్తుకు మధురవాడ పాఠకుడికి చెప్పిన పద్ధతే, ఒక్క సవరణతో. మనకు లేని అయస్కాంత తేడా అక్కడ ఉంది. అమెరికా తూర్పు కొసన మెయిన్‌లో పడమరకు సుమారు 15 డిగ్రీలు, పడమటి కొసన సియాటిల్ దగ్గర తూర్పుకు అంతే. మిషిగన్‌లో అంత ఉండదు గానీ వదిలేసేంత తక్కువా కాదు. ఎంతో మ్యాపు అంచున చూసి దిక్సూచిలో సరిచేసుకోవాలి.

చెట్టు ఎంపికలో గాలి ముఖ్యం. జింక వచ్చే దారి నుంచి గాలి అతని ముఖానికి తగలాలి, వీపుకు కాదు. ఒకే చెట్టు అన్ని గాలులకూ పనికిరాదు కాబట్టి ప్రతి చెట్టు అంకెల పక్కన “వాయవ్యపు గాలికి” అన్నట్టు రాసుకోమనండి. సాయంత్రం చల్లబడిన గాలి వాలు కిందికి జారుతుంది, పొద్దెక్కాక పైకి లేస్తుంది. పొద్దున పనికొచ్చిన చెట్టు సాయంత్రం మనిషి వాసనను నేరుగా జింక ముక్కుకే చేరవేస్తుంది. జింకలు తల పైకెత్తి చెట్టు వైపు చూడటం మొదలుపెడితే చోటు మార్చాలి. దానికి కిలోమీటర్లు అక్కర్లేదు, 40, 50 మీటర్లు గాలికి దిగువకు జరిగితే చాలు.

ప్రమాదం తుపాకీ కంటే చెట్టు మీంచి పడటంలోనే ఎక్కువగా పొంచి ఉంటుంది. ఒళ్లంతా పట్టే రక్షణ పట్టీలు (హార్నెస్) వేసుకుని, నేల మీద ఉండగానే తాడుకు తగిలించుకుని, దిగి కాలు నేలకు ఆనాకే విప్పాలి. ఎక్కాక తగిలించుకుందాం అనుకోవడంలోనే ముప్పుంది, ఎందుకంటే మెట్టు మీంచి కుర్చీలోకి కాలు మార్చేటప్పుడే పట్టు తప్పుతుంది. ఆయుధాన్ని ఖాళీ చేసి, తాడుతో పైకి లాక్కోవాలి. నవంబరు 15 నుంచి 30 వరకు అక్కడ తుపాకీ వేట, ఆ రోజుల్లో నారింజ రంగు టోపీయో, పైచొక్కానో తప్పనిసరి. అబ్బాయి చెట్టు ఎక్కడుందో ఇంట్లో ఒకరికి అంకెలతో సహా తెలిసి ఉండాలి. అంత గుట్టు ఎవరికీ మంచిది కాదు.

ప్రశ్న: అలాంటి మంచె మన అడవిలో కట్టి పందిని కొట్టవచ్చా? పంటంతా పాడు చేస్తోంది. (పద్మనాభం)

జవాబు: కూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. పంట నష్టం చేసే జంతువు విషయంలో కూడా అధీకృత అధికారి రాతపూర్వక ఉత్తర్వు లేనిదే ఏమీ చేయకూడదు. మీ పొలంలో మంచె కట్టుకుని డబ్బా మోగించి కాపలా కాయండి, నష్టాన్ని ఫొటోలతో రాసి అటవీ రేంజి కార్యాలయంలో ఇవ్వండి. కరెంటు తీగ మాత్రం పెట్టొద్దు. పందికని పెట్టిన తీగకు పొరుగు రైతు పోయిన సంగతులు మీకూ తెలుసు.

ప్రశ్న: రిబ్బన్లు, మేకులు ఏమీ లేకుండానే నా చోటు పదిమందికీ తెలిసిపోయింది. ఎలా తెలిసిందో అర్థం కావడం లేదు. వేరే చోటికి మారాలా? (గాజువాక)

జవాబు: రెండు దార్లున్నాయి. ఒకటి మీ కాలిబాట. వారానికి రెండుసార్లు ఒకే గీత మీద నడిస్తే రెండు నెలల్లో గడ్డి పడుకుని బాట పడుతుంది, బాట చూసినవాడు దాని కొస దాకా పోకుండా ఉండడు. చివరి 50 మీటర్లు బండల మీదుగానో, ఎండిన గెడ్డ ఇసుకలోనో నడవండి, ప్రతిసారీ వేరే చోట మళ్లండి. బైకు రోజూ అదే తుప్ప పక్కన ఆపడం కూడా బోర్డు పెట్టినట్టే. కొమ్మలు నరికి చూపుకు దారి చేసి ఉంటే తెల్లటి నరుకులు దూరానికి కనబడతాయి. నరకకుండా తాడుతో పక్కకు లాగి కట్టి, పోయేటప్పుడు వదిలేస్తే సరి.

రెండోది మీ ఫొటోలు. కెమెరా, ఫోను రెండూ ఫొటోలోనే స్థలం అంకెలు దాచి పెట్టగలవు. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ అంకెలు ఊడిపోతాయి గానీ డాక్యుమెంటుగా పంపితే అలాగే వెళ్తాయి. ఫోను కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేయండి. ఎవరైనా ఎక్కడ అని అడిగితే చుక్క తర్వాత రెండు అంకెలు చెప్పండి, అది సుమారు కిలోమీటరు వెడల్పు, అబద్ధమూ కాదు. గూడు ఉన్న చెట్టయితే అదీ చెప్పకండి. పిట్టల చూపులు నమోదు చేసుకునే ఈబర్డ్ వెబ్‌సైటు కూడా వేటగాళ్ల బెడద ఉన్న సున్నిత జాతుల చోటు బయటికి చూపదు.

మారాలనుకుంటే ఒక్కసారిగా మాటు గుడారం ఎత్తి కొత్త చోట వేయకండి. పిట్టలకు కొత్త ఆకారం అంటే భయం. కొత్త చెట్టు 15 మీటర్ల లోపే ఉంటే రోజుకు నాలుగైదు మీటర్లు జరుపుతూ పోండి, ఆ పూట పిట్టలు మామూలుగా మేతకు వస్తేనే మరునాడు ముందుకు. హెచ్చరిక కూత వినబడినా, అరగంట దాకా కొమ్మ మీదికి రాకపోయినా, నిన్నటి చోటికి వెనక్కి జరగండి. గూడు దగ్గరైతే అసలు జరపనే వద్దు, పిల్లలు ఎగిరిపోయే దాకా ఆగండి. పాత చెట్టు దగ్గర తాడు ముక్క, బిస్కెట్ కాగితం ఏదైనా మిగిలిందేమో చూసి, పడుకున్న గడ్డిని కర్రతో లేపి, అప్పుడు పుస్తకంలో కొత్త పేజీ తెరవండి.